ఏ స్టోర్‌లో వస్తుందో చెప్పేయండి: గేమ్ పబ్లిషర్లకు ఒక బహిరంగ లేఖ

గేమ్ పబ్లిషర్లకు, స్టూడియోల మార్కెటింగ్ విభాగాల్లో పనిచేసేవారికి,

నమస్కారం.

మొన్న మీలో ఒకరు వదిలిన ట్రైలర్ నిడివి రెండు నిమిషాల పద్నాలుగు సెకన్లు. అందులో రెండు నిమిషాల పన్నెండు సెకన్ల మీద మీవాళ్ళు ప్రాణం పెట్టారని చూస్తేనే తెలుస్తోంది. మేం మాత్రం మిగిలిన ఆ రెండు సెకన్లు పట్టుకుని వారం రోజులుగా కొట్టుకుచస్తున్నాం. నల్లటి తెర, మధ్యలో గేమ్ పేరు, దాని కింద వరసగా తెల్లటి చిన్న గుర్తులు. ప్లేస్టేషన్ ఉంది, ఎక్స్‌బాక్స్ ఉంది. మూడో చోట ఏ స్టోర్ గుర్తూ లేదు, ఉత్తి ‘పీసీ’ అన్న మాట ఉంది. పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్లు స్టీమ్, ఎపిక్, జీఓజీ అంటూ చాలా ఉన్నాయి, వాటిలో ఏదో చెప్పలేదు. గేమ్ పేరు చెప్పను, అవసరం లేదు. ఎవరి ట్రైలర్ తీసుకున్నా తంతు ఇదే.

ఆ ఫ్రేమ్ దగ్గర వీడియో ఆపి మేం చేసిన పనులు చెబితే నవ్వుతారు. ఒకతను దాన్ని స్క్రీన్‌షాట్ తీసి, వెలుతురు పెంచి, చీకట్లో ఇంకో గుర్తు ఏదైనా దాగుందేమోనని వెతికాడు. ఇంకొకతను గుర్తుల పక్కనున్న ఖాళీలు కొలిచాడు. ఎడమ పక్క కన్నా కుడి పక్క ఖాళీ కొంచెం ఎక్కువుందట. కాబట్టి అక్కడ మొదట నాలుగో గుర్తు ఉండేదట, ఆఖరి నిమిషంలో తీసేశారట, తీసేశారంటే ఏదో ఒప్పందం నడుస్తోందట. ఇంత వాదనా వేలెడు ఖాళీ మీద. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గేమ్‌కి విడుదల తేదీయే లేదు గానీ అది ఏ స్టోర్‌లో ముందొస్తుందో, ఏ స్టోర్‌కి ఎన్ని నెలలు ఆలస్యంగా వస్తుందో మా దగ్గర పట్టికలు సిద్ధం.

ఆ పట్టికలు వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మౌనం అర్ధాంగీకారం అంటారు. మీ మౌనాన్ని ఎవరికి కావలసినట్టు వాళ్ళు అంగీకారం కింద రాసుకోవడమే వచ్చిన చిక్కు. స్టీమ్ వాడేవాళ్ళు ‘విడిగా చెప్పేదేముంది, ఎలాగూ స్టీమ్‌కి వస్తుంది’ అనుకుంటారు. ఇంకొందరు ‘పేరు చెప్పలేదంటే ఎపిక్‌తో ఎక్స్‌క్లూజివ్ బేరం, అంటే ఆ ఒక్క స్టోర్‌లోనే అమ్మే బేరం, కుదిరినట్టే’ అని తేల్చేస్తారు. జీఓజీ కోసం చూసేవాళ్ళం మాత్రం ఏమీ అనుకోం. మాకు అలవాటైపోయింది.

మా పరిశోధన ఎంత దూరం వెళ్తుందో మీకు తెలియాలి. స్టీమ్‌డీబీ అని ఒక సైట్ ఉంది. స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీకి దాంతో సంబంధం లేదు. స్టీమ్ లోపల ఏ గేమ్ ఎంట్రీలో ఎప్పుడు ఏ మార్పు జరిగిందో అది నమోదు చేస్తూ ఉంటుంది. మీ ఇంజినీరు ఎవరో అర్ధరాత్రి ఏదో టెస్ట్ కోసం ఒక ఎంట్రీ మారుస్తారు. తెల్లారేసరికి మాలో పదిమంది దాన్ని పట్టుకుని పంచాంగం విప్పినట్టు విప్పుతాం. అది కాకపోతే వయసు రేటింగులు ఇచ్చే సంస్థలు ఉండనే ఉన్నాయి. అమెరికాలో ఈఎస్ఆర్‌బీ, యూరప్‌లో పెగీ, ఇంకా కొరియా, బ్రెజిల్, ఆస్ట్రేలియా రేటింగ్ జాబితాలు. మీరు ప్రకటించక ముందే ఫలానా గేమ్ ఫలానా మెషీన్‌కి వస్తోందని ఈ జాబితాల వల్ల బయటపడిన సందర్భాలు కోకొల్లలు. కానీ వాటిలోనూ ‘పీసీ’ అనే ఉంటుంది. ఏ స్టోర్ అన్నది వాళ్ళకి అనవసరం. మాకు కావలసిందే అది.

2021 సెప్టెంబరు సంగతి గుర్తుందా? ఇంటర్నెట్ మీద గేమ్‌లు ఆడించే ఎన్విడియా వాళ్ళ జీఫోర్స్ నౌ సర్వీసు లోపల ఉన్న గేమ్‌ల జాబితా ఒకటి బయటికొచ్చింది. అందులో ఇంకా ఎవరూ ప్రకటించని గేమ్‌లు కుప్పలు కుప్పలు. అందులో కొన్ని కేవలం ఊహ మీద పెట్టుకున్నవేనని, లోపలి టెస్టింగ్ కోసమేనని ఎన్విడియా వివరణ ఇచ్చింది. సరేలే అనుకునేలోపు, ఆ జాబితాలో ఉన్న గాడ్ ఆఫ్ వార్ పీసీకి వస్తోందని సోనీ అక్టోబరులో ప్రకటించింది, 2022 జనవరిలో వచ్చేసింది. దాంతో జాబితాలో ఉన్న ప్రతి పేరూ మాకు వేదవాక్కు అయిపోయింది. ఒక్కటి నిజమైతే చాలు, మిగతా తొంభై తొమ్మిదీ నిజమేనని నమ్మే రకం మేం.

ఇంకో లెక్క కూడా ఉంది. స్టీమ్‌లో అమ్మాలంటే ‘త్వరలో’ అన్న పేజీ విడుదలకి కనీసం రెండు వారాల ముందు జనానికి కనిపించాలన్నది అక్కడి నిబంధన. అంటే విడుదల తేదీ పదమూడు రోజుల్లోకి వచ్చినా పేజీ లేదంటే, ఆ తేదీకి స్టీమ్‌లో రానట్టే. ఆశ అప్పుడు గానీ చావదు. అప్పటిదాకా రోజూ పొద్దున్న లేచి ఆ పేజీ వచ్చిందా లేదా అని చూసుకోవడమే.

‘ఏ స్టోర్ అయితే ఏంటండీ, లోపలున్నది అదే గేమ్ కదా’ అని మీరు అనొచ్చు. మీ ఇంటర్వ్యూల్లో ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇంకో ఐకాన్ మీద నొక్కడం అంత కష్టమా అని వెక్కిరించినవాళ్ళూ ఉన్నారు. కష్టం నొక్కడంలో లేదు.

పదిహేనేళ్ళుగా ఒకే చోట గేమ్‌లు కొన్నవాడి సంగతి చూడండి. వాడి స్నేహితుల జాబితా అక్కడే ఉంది, సేవ్ ఫైళ్ళు అక్కడి క్లౌడ్‌లోనే ఉన్నాయి, స్క్రీన్‌షాట్లు అక్కడే పడి ఉన్నాయి. మాడ్స్, అంటే గేమ్‌కి ఆటగాళ్ళే చేసిపెట్టే మార్పులు, అలవాటున్నవాడికి స్టీమ్ వర్క్‌షాప్ ఉంటే ఒక్క నొక్కుతో పని అయిపోతుంది. అదే గేమ్ వేరే చోట కొంటే ఆ మాడ్స్ కోసం ఫోల్డర్లలో తవ్వుకోవాలి, ఒక్కోసారి తవ్వినా దొరకవు. చేత్తో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్ 2022లో వచ్చాక ఇంకో రకం మనుషులు తయారయ్యారు. ఆ మెషీన్ నడిచేది లినక్స్ మీద. ఎపిక్‌లో కొన్న గేమ్‌లు తెరిచే లాంచర్ లినక్స్‌కి లేదు. దొడ్డిదారులు ఉన్నాయి, నేనూ వాడాను, పనిచేస్తాయి. కానీ ప్రతి అప్‌డేట్ తర్వాతా ఇవాళ తెరుచుకుంటుందా లేదా అన్న టెన్షన్ ఒకటి తోడుంటుంది. ‘పీసీ’ అని మీరు రాసిన ఆ ఒక్క మాట ఆ మెషీన్ చేతిలో పట్టుకున్నవాడికి అవునా కాదా అన్నది కూడా చెప్పదు.

జీఓజీలో కొనేవాళ్ళది వేరే బాధ. అక్కడ కొన్న గేమ్ ఇన్‌స్టాలర్‌ని దింపుకుని హార్డ్ డిస్క్‌లో దాచుకోవచ్చు, రేపు ఆ స్టోర్ ఉన్నా లేకపోయినా ఆడుకోవచ్చు. 2025 జనవరి 1 నుంచి కాలిఫోర్నియాలో ఒక చట్టం అమల్లో ఉంది. డిజిటల్ వస్తువు అమ్మేటప్పుడు, కొంటున్నది లైసెన్స్ మాత్రమేనని కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. స్టీమ్ అంతకు ముందే, 2024 అక్టోబరులోనే, కార్ట్‌లో ఆ మాట రాయడం మొదలుపెట్టింది. చేతికొచ్చేది లైసెన్స్ కాగితమే అయినప్పుడు, ఆ కాగితం ఎవరి సంతకంతో వస్తుందో తెలుసుకోవాలనుకోవడం అత్యాశేం కాదు కదా. రీఫండ్ నిబంధనలూ ఒకేలా లేవు. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, ఆడింది రెండు గంటల్లోపైతే డబ్బు వెనక్కిస్తారు. జీఓజీలో 2020 నుంచి ముప్ఫై రోజుల గడువు, ఆడినా సరే. కన్సోల్ నుంచి పీసీకి మార్చిన గేమ్‌లు ఏ స్థితిలో బయటికొస్తున్నాయో మీకు నేను చెప్పాలా? ఆ ముప్ఫై రోజులు మాకు ఇన్సూరెన్స్ లాంటివి.

ఎపిక్‌ని ఆడిపోసుకోవడం నా ఉద్దేశం కాదు. వారం వారం ఉచితంగా ఇచ్చే గేమ్‌లు వరసగా క్లెయిమ్ చేసుకుంటూ, అదే నోటితో తిట్టేవాళ్ళు మాలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. కాకపోతే 2018 డిసెంబరులో తెరిచిన స్టోర్‌కి షాపింగ్ కార్ట్ 2021 డిసెంబరులో వచ్చింది. మూడేళ్ళ పాటు ఒక్కో గేమ్ విడివిడిగా కొన్నాం. ఆ మాత్రం దెప్పుకునే హక్కు మాకుంది.

ఇప్పుడు నా సొంత గొడవ చెబుతాను. ఏ గేమో, ఎవరిదో అడక్కండి.

మేం నలుగురం కలిసి ఆడేవాళ్ళం. ముగ్గురం చదువుకునే రోజుల నుంచీ స్నేహితులం. నాలుగో ఆయన ఆటలోనే పరిచయం, మాకన్నా పదేళ్ళు పెద్ద, అందుకని అన్నా అనే పిలుస్తాం. నలుగురు కలిసి ఆడే గేమ్ ఒకటి వస్తోందని తెలిసి ఏడాదిన్నర ఎదురుచూశాం. ట్రైలర్ చివర అదే ‘పీసీ’. విడుదలకి మూడు వారాల ముందు ఒక స్టోర్‌లో ప్రీ-ఆర్డర్ తెరిచారు. మేం ఎప్పుడూ ఆడే స్టోర్ గురించి ఒక్క ముక్క లేదు. వస్తుందనీ లేదు, రాదనీ లేదు. అడిగితే ‘వివరాలు త్వరలో’ అన్న జవాబు.

అన్న ఫోన్ చేశాడు. “ఏం చేద్దాంరా? ఇక్కడ కొనేయమంటావా?”

“రెండు వారాలు ఆగన్నా, మనదాంట్లోనూ వస్తుంది. డేటాబేస్‌లో ఎంట్రీ మారింది, నేను చూశాను” అన్నాను నేను, పెద్ద తెలిసినవాడిలా.

ఆయన ఆగలేదు. ప్రీ-ఆర్డర్‌తో ఏదో ఎర్ర కవచం ఇస్తున్నారు, అది ఆయనకి నచ్చింది. ఆయనతో పాటు ఇంకొకతనూ కొన్నాడు. నేనూ మూడోవాడూ ఆగాం. గేమ్ మా స్టోర్‌కి వచ్చింది, నా జోస్యం ఫలించింది, కాకపోతే ఆరు వారాలు ఆలస్యంగా. అప్పటికి వాళ్ళిద్దరూ సగం కథ దాటేశారు. సరే, మళ్ళీ మొదటి నుంచి కలిసి ఆడదామనుకుంటే, ఆ స్టోర్‌లో కొన్నవాళ్ళూ ఈ స్టోర్‌లో కొన్నవాళ్ళూ కలిసి ఆడే వీలే లేదు. ఆ సంగతి కూడా కొన్నాకే తెలిసింది. నాలుగు ఖాళీలున్న లాబీలో నేనూ వాడూ, రెండు ఖాళీ కుర్చీలూ. అవతల వాళ్ళదీ అదే బొమ్మ. రెండు స్టోర్ల వాళ్ళూ కలిసి ఆడే అప్‌డేట్ తొమ్మిది నెలలకి వచ్చింది. అప్పటికి అన్న ఉద్యోగం మారి, రాత్రిళ్ళు డ్యూటీ పడి, ఆడటం మానేశాడు. నా స్నేహితుల జాబితాలో ఆయన పేరు బూడిద రంగులో, ‘ఆఖరిసారి ఆన్‌లైన్‌లో ఉన్నది’ అన్న తేదీతో, ఇంకా అలాగే ఉంది.

తప్పంతా మీదే అనను. ఆగమని చెప్పింది నేనే. కానీ ‘ఆరు వారాల తర్వాత ఆ స్టోర్‌కి కూడా వస్తుంది, రెండింటి మధ్యా కలిసి ఆడటం మొదట్లో కుదరదు’ అని ప్రీ-ఆర్డర్ పేజీలో ఒక్క వాక్యం ఉండి ఉంటే నలుగురం ఒకే చోట కొనేవాళ్ళం. అది ఏ చోటైనా సరే.

ఇలా మధ్యలో మడత పడటం కొత్త కాదు. 2019లో మెట్రో ఎక్సోడస్ సంగతి మీ అందరికీ తెలుసు. స్టీమ్‌లో చాలాకాలం ప్రీ-ఆర్డర్లు తీసుకున్నారు. విడుదల ఫిబ్రవరి 15న. జనవరి 28న, అంటే సరిగ్గా పద్దెనిమిది రోజుల ముందు, పీసీలో ఇక ఎపిక్‌లోనే అమ్ముతామని ప్రకటించారు. అప్పటికే కొన్నవాళ్ళకి స్టీమ్‌లోనే ఇచ్చారు, ఆ వరకు మాట నిలబెట్టుకున్నారు. కానీ ఇంత ప్రీ-సేల్ తర్వాత ఇలా చేయడం అన్యాయమని వాల్వ్ ఆ గేమ్ పేజీ మీదే రాసిపెట్టింది. అప్పటికే అచ్చయిపోయిన డబ్బాల మీద స్టీమ్ గుర్తు కనబడకుండా ఎపిక్ స్టిక్కర్ అంటించారు. ఆ స్టిక్కర్ ఫొటో నాకిప్పటికీ గుర్తే. వేలితో తడిమితే కింద అచ్చు తగులుతుందేమో అనిపించేంత పల్చటి స్టిక్కర్. ఏడాది తర్వాత, 2020 ఫిబ్రవరిలో, గేమ్ మళ్ళీ స్టీమ్‌కి వచ్చింది.

అప్పటి కోపానికి కారణం ఎపిక్ అనుకుంటే పొరపాటు. ఆ పద్దెనిమిది రోజులు చూడండి, అక్కడుంది. అదే ఏడాది బోర్డర్‌లాండ్స్ 3 కూడా పీసీలో ఎపిక్‌కే వెళ్ళింది. ఆ విషయం గేమ్ రావడానికి నెలల ముందే చెప్పారు, దాదాపు ఆరు నెలల తర్వాత వేరే స్టోర్లలో వస్తుందనీ చెప్పారు. సెప్టెంబరు 13న వచ్చింది, మార్చి 13న స్టీమ్‌లో దిగింది. తిట్టుకున్నవాళ్ళు తిట్టుకున్నారు, లేదనను. కానీ ఆగేవాళ్ళు తేదీ చూసుకుని ఆగారు, ఆగలేనివాళ్ళు కొనుక్కున్నారు. పిక్సెళ్ళు కొలిచే పని ఎవరికీ పడలేదు.

దానికి పూర్తిగా అటువైపు షెన్మూ 3. 2015లో కిక్‌స్టార్టర్‌లో జనం డబ్బు పోగేసి నిలబెట్టిన గేమ్ అది. పీసీ వెర్షన్ ఎంచుకున్నవాళ్ళు స్టీమ్‌లో వస్తుందన్న నమ్మకంతో ఇచ్చారు. నాలుగేళ్ళు ఆగాక, 2019 జూన్‌లో, ఎపిక్‌లోనే అన్నారు. ముందు డబ్బిచ్చినవాళ్ళకి కొన్నవాళ్ళ కన్నా ఎక్కువ మండుతుంది, ఎందుకంటే వాళ్ళు వస్తువు కొనలేదు, మాటని నమ్మి ఇచ్చారు. గొడవ ముదిరాక రీఫండ్లు ఇస్తామన్నారు, ఆ ఖర్చు ఎపిక్ భరించింది. అదే ఏడాది మార్చిలో ఫీనిక్స్ పాయింట్ విషయంలోనూ దాదాపు ఇదే నడిచింది, అక్కడా చివరికి రీఫండ్లే. డబ్బు వెనక్కి వచ్చింది నిజమే. నాలుగేళ్ళ ఎదురుచూపుకి రీఫండ్ బటన్ ఉండదు.

ఇవన్నీ చూశాక మా పట్టికలు మొదలయ్యాయి. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఒక నెల తేడాతో స్టీమ్‌కి వచ్చింది. ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్‌కి ఆరు నెలలు పట్టింది. హేడీస్‌కి, హిట్‌మ్యాన్ 3కి ఏడాది. కింగ్‌డమ్ హార్ట్స్ గేమ్‌లు 2021 మార్చిలో ఎపిక్‌కి వస్తే 2024 జూన్‌లో గానీ స్టీమ్‌కి రాలేదు, మూడేళ్ళ పైచిలుకు. ఒక నెలా, మూడేళ్ళా? ఇంత తేడా ఉన్నప్పుడు కొత్త గేమ్ గురించి ‘కొన్నాళ్ళు ఎక్స్‌క్లూజివ్’ అంటే ఏమనుకోవాలి? ఆ ‘కొన్నాళ్ళు’ అన్నదాని మీద మేం రాసినంత ఏ వ్యాఖ్యాతా ఏ శ్లోకం మీదా రాసి ఉండడు.

మీ వైపు కూడా చూస్తాను. స్టీమ్ మామూలుగా అమ్మకంలో ముప్ఫై శాతం తీసుకుంటుంది, పెద్ద మొత్తాలు దాటాక అది ఇరవై అయిదు, ఇరవైకి తగ్గుతుంది. ఎపిక్ మొదటి నుంచీ పన్నెండు దాటలేదు. పైగా 2023లో వాళ్ళు పెట్టిన పథకంలో, ఆరు నెలలు తమ దగ్గరే ఉంచితే ఆ ఆరు నెలల ఆదాయం మొత్తం మీకే. ముందస్తు హామీ డబ్బు ఇచ్చిన సందర్భాలూ ఉన్నాయి. పదిమంది పనిచేసే స్టూడియోకి ఆ హామీ అంటే జీతాలు. కాదనమని నేనెలా చెబుతాను? అలన్ వేక్ 2 సంగతే చూడండి. దాన్ని పబ్లిష్ చేసిందే ఎపిక్, అందుకని పీసీలో వాళ్ళ స్టోర్‌లోనే 2023 అక్టోబరులో వచ్చింది. స్టీమ్‌లో ఎందుకు లేదని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు గానీ, కారణం దాపరికం లేకుండా ఉంది కాబట్టి పట్టికల అవసరం రాలేదు. ఒప్పందం సంతకం అయ్యేదాకా నోరు విప్పకూడదన్న షరతులు ఉంటాయనీ తెలుసు. సంతకం అయ్యాక కూడా ఎందుకు విప్పరన్నదే నా ప్రశ్న. ట్రైలర్ కింద ‘విష్‌లిస్ట్‌లో పెట్టుకోండి’ అని లింక్ ఇవ్వడానికి అడ్డురాని షరతు, ఆ ఒక్క మాటకే ఎందుకు అడ్డొస్తోంది?

విష్‌లిస్ట్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఒక స్టోర్‌లో విష్‌లిస్ట్ బటన్ పెట్టి జనాన్ని పోగేసుకుని, ఆ లెక్క చూపించి ఇంకో స్టోర్‌తో బేరమాడటం మంచి పద్ధతి కాదు. అలా ఎవరు చేశారో నేను వేలెత్తి చూపలేను. కానీ ఒక చోట పేజీ తెరిచి, గేమ్ ఇంకో చోటికి తరలిపోయిన ప్రతిసారీ మాకు వచ్చే అనుమానం అదే, ఆ అనుమానం వచ్చేలా చేస్తున్నది మీరే.

మా తప్పు కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం సగం అబద్ధమవుతుంది. 2019 ఆగస్టులో ఊబ్లెట్స్ అనే చిన్న గేమ్ ఎపిక్‌కి వెళ్తోందని దాన్ని చేసిన ఇద్దరూ ముందుగానే, కారణాలతో సహా, తమాషాగా రాశారు. నేనిప్పుడు మిమ్మల్ని అడుగుతున్నది సరిగ్గా అదే కదా. వాళ్ళకి దొరికిన బహుమతి వేల సంఖ్యలో బూతులూ బెదిరింపులూ. రాసిన తీరు కొందరికి వెటకారంగా అనిపించిందట. అనిపిస్తే మాత్రం? బొమ్మల మొక్కలు పెంచే గేమ్ ఏ స్టోర్‌లో వస్తుందన్నదానికి ఇద్దరు మనుషులకి నిద్ర లేకుండా చేశారు. నిజం చెప్పినవాళ్ళకి ఈ గతి పడితే, మిగతావాళ్ళు నోరు కట్టేసుకోవడంలో ఆశ్చర్యమేముంది. ‘ఏ స్టోర్?’ అని అడిగినవాళ్ళందరినీ ఆ మూకలో కలిపేయకండి, అంతే.

కన్సోల్ వాళ్ళ కష్టం నాకు అంతగా తెలియదు, వాళ్ళ స్టోర్ వాళ్ళ మెషీన్‌తోనే వస్తుంది. డిస్క్ ఉంటుందా లేదా అన్నది వాళ్ళ ప్రశ్న. అలన్ వేక్ 2 మొదట డిజిటల్‌గానే వచ్చి, ఏడాది తర్వాత డిస్క్ వచ్చింది. దాని గురించి వాళ్ళే వేరే ఉత్తరం రాసుకుంటారు.

ఇంతకీ నేనడిగేది చాలా చిన్న పని. ట్రైలర్ చివరి తెర మీద ‘పీసీ’ అని రాసే చోట స్టోర్ల పేర్లు రాయండి. ఒక్కటే అయితే ఒక్కటే రాయండి. అది కొంతకాలానికే అయితే ఎన్ని నెలలో అంకె వేయండి. బేరం ఇంకా నడుస్తుంటే ‘ఇంకా నిర్ణయించలేదు’ అని రాయండి, మేం చచ్చిపోం. కానీ నిర్ణయం అయ్యేదాకా ఎక్కడా ప్రీ-ఆర్డర్ తెరవకండి. కలిసి ఆడే గేమ్ అయితే, వేర్వేరు స్టోర్ల వాళ్ళు కలవచ్చో లేదో కొనే బటన్ పక్కనే ఉండాలి, ప్రశ్నోత్తరాల పేజీలో పదిహేడో ప్రశ్న కింద కాదు. ఇంకో ఎకౌంట్ కావాలంటే అదీ అక్కడే. 2024లో హెల్‌డైవర్స్ 2 వచ్చిన మూడు నెలలకి సోనీ వాళ్ళ పీఎస్ఎన్ ఎకౌంట్ తప్పనిసరి అన్నారు. స్టీమ్‌లో 170కి పైగా దేశాల్లో అమ్మకం ఆగిపోయింది, ఎందుకంటే ఆ దేశాల్లో ఆ ఎకౌంట్ తెరిచే వీలే లేదు. ఎకౌంట్ మాట కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. అంటే స్టోర్ పేరు చెప్పడంతో కథ అయిపోదన్నమాట. కానీ అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

చేసి చూపించినవాళ్ళూ ఉన్నారు. బల్డర్స్ గేట్ 3 ఎర్లీ యాక్సెస్, అంటే గేమ్ పూర్తికాక ముందే అమ్మడం, 2020 అక్టోబరులో మొదలైనప్పుడే పీసీలో స్టీమ్, జీఓజీ అని స్పష్టంగా ఉంది. 2023 ఆగస్టులో పూర్తి గేమ్ వచ్చినప్పుడూ ఆ రెండే. ఆ మూడేళ్ళూ మేం కథ గురించి కొట్టుకున్నాం, పాత్రల గురించి కొట్టుకున్నాం, పాచికల గురించి కొట్టుకున్నాం. అభిమానులు కొట్టుకోవలసింది వాటి మీద.

ఇట్లు,
మీ ట్రైలర్‌ని ఆపి ఆపి చూసే ఒక ఆటగాడు

తా.క.: ఖాళీలు కొలిచినతను నిన్న మళ్ళీ కొలిచాడు. మొదటిసారి కొలిచిన స్క్రీన్‌షాట్ ఎవరో ఒక పక్క కత్తిరించి పెట్టినదట. అసలు వీడియోలో రెండు పక్కలా ఖాళీ సమానంగానే ఉంది.